జాగిలాల మాస్టారి జవాబులు: పిల్లి జాడలో కుక్కలు

(పోలీసు జాగిలాల విభాగంలో హ్యాండ్లర్‌గా పనిచేసి రిటైరై, విశాఖ అడవివరంలో ఉంటున్న మా మాస్టారు పాఠకుల సందేహాలకు ఇస్తున్న జవాబులు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వాసన, జాడ గురించే.)

ప్రశ్న: మాస్టారూ, మా బావ అమెరికాలో నార్త్ కరోలినాలో ఉంటాడు. స్నేహితులతో కలిసి బాబ్‌క్యాట్ వేటకు వెళ్లి వీడియోలు పంపాడు. కుక్కలు చాలాసేపు మొరుగుతూ పరుగెత్తి, చివరికి ఆ పిల్లిని చెట్టెక్కించాయి. పిల్లి కంటికి కనిపించకుండానే అంత దూరం ఎలా పోగలిగాయి? వాటికి ఏం నేర్పుతారు? – ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: మా పెద్దమ్మాయి కూడా ఆ రాష్ట్రంలోనే, కొండల వైపు ఉంటుంది. చలికాలంలో అక్కడికి వెళ్లినప్పుడు, వాళ్ల వీధిలో ప్లాట్ హౌండ్లు (జాడ పట్టే ఒక జాతి వేటకుక్కలు) పెంచే ఒక పెద్దాయన నన్ను పికప్ బండిలో ఎక్కించుకుని అడవికి తీసుకెళ్లాడు. జీవితమంతా కుక్కతాడు పట్టుకున్నవాణ్ని కదా, ఆయన చేసిన ప్రతి పనీ గుచ్చి గుచ్చి చూశాను. నేను చూసిందీ, ఆయన్ని అడిగి తెలుసుకున్నదీ కలిపి చెబుతాను.

బాబ్‌క్యాట్ అంటే పొట్టి తోక ఉన్న అడవి పిల్లి. కెనడా దక్షిణ భాగం నుంచి మెక్సికో దాకా ఉంటుంది. మన దేశంలో లేదు. ఎదిగిన మగది సగటున పది కిలోలకు కాస్త అటూ ఇటూ తూగుతుంది, అంటే మన వీధికుక్క కంటే తేలిక. అయినా ఎలుగుబంటి జాడ పట్టడం కంటే దీని జాడ పట్టడమే కష్టమని అక్కడి వేటగాళ్లు అంటారు. ఒకటి, ఇది వదిలే వాసన చాలా తక్కువ. రెండు, పడిపోయిన చెట్ల మొద్దుల మీదా, బండల మీదా నడుస్తుంది. మూడోది అసలు తలనొప్పి. తరిమితే తిన్నగా పారిపోదు. దట్టమైన పొదల్లోనే సుడి తిరుగుతుంది, తను వచ్చిన దారినే కొంతదూరం వెనక్కి వచ్చి పక్కకు దూకేస్తుంది. వేగం మీద ఉన్న కుక్కలు జాడ ఆగిపోయిన చోటు దాటి ముందుకు దూసుకుపోతాయి. కుక్క విలువ తెలిసేది అప్పుడే. మామూలు కుక్క కంగారుపడి ఎటు పడితే అటు ఉరుకుతుంది. తెలివైనది చివరిసారి వాసన తగిలిన చోటికి వచ్చి, అక్కడి నుంచి చుట్టు పెంచుకుంటూ పోయి, తెగిన కొసను మళ్లీ పట్టుకుంటుంది. ఈ గుణం కొంత పుట్టుకతో రావాలి, మిగతాది అడవిలో తిరిగితే వస్తుంది.

పిల్లిజాతికి వేగం ఉంటుంది గానీ దమ్ము ఉండదు. కాసేపు తరిమేసరికి అలసిపోయి చెట్టెక్కుతుంది. వీడియోలో మీరు చూసింది అదే.

ఇక శిక్షణ. అక్కడ ఎక్కువగా ట్రీయింగ్ వాకర్, బ్లూటిక్, రెడ్‌బోన్, ప్లాట్ జాతులు వాడతారు. ప్లాట్ కుక్కల పూర్వీకులు 1750 ప్రాంతంలో జర్మనీ నుంచి ఒక కుటుంబంతో పాటు నార్త్ కరోలినాకు వచ్చాయి. 1989 నుంచి అది ఆ రాష్ట్రపు అధికారిక కుక్క. కూనకు ముందు నేర్పేవి పిలిస్తే రావడం, బండి ఎక్కడం, ఆవుల జోలికి పోకపోవడం. ఇవి రాని కుక్కను పెద్దాయన అడవి మొహం చూడనివ్వడు. మన దగ్గర కుక్కకు ‘కమ్’ రాకుండానే విన్యాసాలు నేర్పాలని చూసేవాళ్లు ఈ ముక్క రెండుసార్లు చదవండి.

తర్వాత ఈడ్పు జాడ. పిల్లి వాసన ఉన్న తోలు ముక్కను తాడుకు కట్టి నేల మీద ఈడ్చుకుంటూ పోయి, చివర ఒక చెట్టు కొమ్మకు వేలాడదీస్తారు. కూన ఆ జాడ వెంట వచ్చి చెట్టు కింద నిలబడి మొరిగితే మెచ్చుకుంటారు. ఇందులో ఒక తిరకాసు ఉంది. తోలు ఈడ్చిన మనిషి అడుగుల వాసన కూడా అదే దారిలో పడుతుంది. చాలా కూనలు పిల్లిని వదిలేసి మనిషి వెంట రావడం నేర్చుకుంటాయి. మనకేమో కుక్క బ్రహ్మాండంగా పట్టేస్తోందని సంబరం! అందుకని ఇద్దరు మనుషులు పొడవాటి తాడు రెండు కొసలూ పట్టుకుని, మధ్యలో తోలు కట్టి, చెరో పక్క దూరంగా నడుస్తారు. ఒక్కరే ఉంటే గాలం కర్ర లాంటి పొడుగాటి కర్ర చివర కట్టి పక్కకు చాచి ఈడుస్తారు. మొదట్లో ఈడ్చిన వెంటనే కుక్కను వదులుతారు. తర్వాత్తర్వాత అరగంట, గంట, ఇంకా ఎక్కువసేపు ఆగి వదులుతారు. జాడ పాతబడేకొద్దీ కుక్క ముక్కు కిందికి దించి నిదానంగా పని చేయాల్సి వస్తుంది.

కూనకు ఎనిమిది నెలలో, పదో, ఏడాదో నిండాక అనుభవం ఉన్న పెద్ద కుక్కతో కలిపి అడవికి తీసుకెళతారు. మంచు పడిన మర్నాడు తెల్లవారుజామున కలప బళ్ల దారులు వెతుకుతూ బండిలో నెమ్మదిగా పోతారు. మంచులో అడుగు స్పష్టంగా పడుతుంది కాబట్టి అది ఏ జంతువుదో మనిషి కూడా చూసుకోవచ్చు. ముందు పెద్ద కుక్కను వదిలి, అది జాడ నిలబెట్టుకుని మొరగడం మొదలెట్టాకే చిన్నవాటిని వదులుతారు. ఆ పెద్ద కుక్కకు ఏ చెడ్డ అలవాటున్నా కూనకు అంటుకుంటుంది. చెడ్డ కుక్కతో పంపే కంటే ఇంట్లో కట్టేసుకోవడం మేలని పెద్దాయన అభిప్రాయం. నాదీ అదే.

నన్నడిగితే ఇదంతా సులువైన భాగం. వాసన పట్టడం కుక్కకు మనం నేర్పేదేముంది? ఏ వాసన వదిలేయాలో నేర్పడానికే ఏళ్లు పడుతుంది. ఆ అడవిలో జింక ఉంటుంది, కుందేలు ఉంటుంది, నక్క లాంటి కయోటీ ఉంటుంది. పల్చటి పిల్లి జాడ మీద ఓపిగ్గా పనిచేస్తున్న కుక్కకు తాజా జింక వాసన తగిలితే, ఉప్మా తింటున్నవాడి ముందు బిర్యానీ పొట్లం విప్పినట్టే. అక్కడ చాలామంది మెడకు కరెంటు పట్టీ కట్టి, జింక వెంట పడినప్పుడు మీట నొక్కుతారు. ఆ పద్ధతి నాకు నచ్చదు. కుక్క ఏ జాడ మీద ఉందో ఖాయంగా తెలియకుండా నొక్కితే, పిల్లి వెంట వెళ్లినందుకే దెబ్బ తగిలిందని అనుకుంటుంది. ఇక ఆ జన్మకు పిల్లి వాసన పట్టదు. పెద్దాయన కూడా ఏ జంతువు వెంట ఉందో కళ్లారా చూస్తే తప్ప మీట ముట్టుకోనన్నాడు.

మా పోలీసు పనికీ దీనికీ పెద్ద తేడా ఒకటుంది. మా ట్రాకర్ జాగిలం తాడు మీద ఉంటుంది, నోరు మెదపకూడదు. మొరిగితే దొంగకు కబురు పంపినట్టే కదా. అక్కడ కుక్కను వదిలేశాక మనిషి మైలు వెనక ఉంటాడు. అతనికి సమాచారమంతా గొంతు ద్వారానే రావాలి. జాడ మీద ఉన్నంతసేపు సాగదీసిన మొరుగు. పిల్లి చెట్టెక్కగానే ఆపకుండా పొట్టి పొట్టి మొరుగులు. ఆ మార్పు వినగానే పెద్దాయన టీ ఫ్లాస్కు మూత బిగించి బండి దిగాడు. ఇప్పుడు జీపీఎస్ పట్టీలు వచ్చాయి. కుక్క ఎక్కడుందో, పరుగెడుతోందో, చెట్టు కింద నిలబడిందో చేతిలోని తెర మీదే కనిపిస్తుంది. అయినా ఆయన తెర కంటే చెవినే నమ్ముతాడు. ఖాళీ నేల మీద కూడా మొరిగే వాగుడుకాయ కుక్కను మాత్రం ఉంచుకోడు. దాని మాట నమ్మి మిగతావన్నీ దారి తప్పుతాయట.

చెట్టు దగ్గర కుక్కలను కాసేపు మొరగనిచ్చి, తాళ్లు కట్టి, ఫొటో తీసుకుని, పిల్లిని అలాగే వదిలేసి వచ్చేశాం. అలా చేసేవాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు, చంపేవాళ్లూ ఉన్నారు. చట్టం రాష్ట్రానికో రకం. వాషింగ్టన్ రాష్ట్రంలో 1996లో ఓటర్లే కుక్కలతో బాబ్‌క్యాట్ వేట మీద నిషేధానికి ఓటేశారు. కాలిఫోర్నియాలో 2013 నుంచి కుక్కలను వాడకూడదు. 2020 నుంచి బాబ్‌క్యాట్ వేట మీదే నిషేధం వచ్చింది. కొలరాడోలో 2024లో అలాంటి ప్రతిపాదనే ఓటుకు వస్తే ఓడిపోయింది. మీ బావగారు లైసెన్సూ సీజనూ చూసుకునే వెళ్లి ఉంటారు.

మీరు రాసింది మధురవాడ నుంచి. మీ ఇంటికి కంబాలకొండ అభయారణ్యం ఎంత దగ్గరో నాకు తెలుసు. ఆ వీడియో చూసి ఎవరికైనా సరదా పుడితే కింది జవాబు కూడా చదివించండి.

ప్రశ్న: మాది పెందుర్తి దగ్గర పల్లె. నాటుకోళ్లు పెంచుతున్నాం. రాత్రిళ్లు అడవి పిల్లి వచ్చి కోళ్లను ఎత్తుకుపోతోంది. నా దగ్గర రెండు మంచి కుక్కలున్నాయి. పిల్లి జాడ పట్టి తరిమి పట్టుకునేలా వాటిని తయారు చేయడం ఎలా? – ఒక రైతు

జవాబు: బాబూ, నేను చెప్పను. చెబితే నిన్ను కేసులో ఇరికించినవాణ్ని అవుతాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ‘వేట’ అంటే చంపడం ఒక్కటే అనుకోకు. పట్టుకోవడం, ఉచ్చు వేయడం, ఎర పెట్టడం, తోలడం, కుక్కలతో తరమడం, వీటిలో దేనికి ప్రయత్నించినా అదీ వేటే. అడవి పిల్లి, పునుగు, ముంగిస, నక్క అన్నీ ఆ చట్టం నీడలో ఉన్నవే. ‘మా కుక్క దానంతట అదే తరిమింది’ అంటే ఒకసారి వింటారేమో. శిక్షణ ఇచ్చి మరీ వదిలావని తెలిస్తే వినరు.

అసలు కోడిని తింటున్నది అడవి పిల్లేనని చూశావా? చీకట్లో మెరిసే కళ్లు చూసి అందరూ పిల్లి అనేస్తారు. సాయంత్రం గూడు చుట్టూ నేల చదును చేసి, జల్లించిన సన్న ఇసుక పల్చగా చల్లు. పొద్దున్నే వెళ్లి కూర్చుని చూడు. నాలుగు వేళ్లు, గోళ్ల గుర్తు లేకుండా, అడుగు గుండ్రంగా ఉంటే పిల్లిజాతి. నడిచేటప్పుడు పిల్లి గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది. నాలుగు వేళ్లతో పాటు గోళ్ల పోట్లు కూడా పడి, అడుగు కాస్త కోలగా ఉంటే కుక్కో నక్కో. ఐదు వేళ్లు కనిపిస్తే ముంగిస, పునుగు లాంటివి. నాకు వచ్చిన ఇలాంటి ఫిర్యాదుల్లో దొంగ పక్క వీధి కుక్కగా తేలినవే ఎక్కువ.

ఎవరైనా మందు ఒకటే, గూడు బాగు చేసుకోవడం. కోళ్ల వల అని అమ్మే పల్చటి జాలీని కుక్క పళ్లతో చించేస్తుంది. వెల్డు చేసిన ఇనప జాలీ, కన్ను అంగుళానికి మించనిది కొను. అడుగున దాన్ని బయటికి వంచి, ఒక అడుగు వెడల్పున మట్టిలో పాతిపెట్టు. తవ్వే జంతువు గోడ పక్కనే తవ్వుతుంది, అక్కడ దానికి జాలీ తగులుతుంది. పైకప్పు తప్పనిసరి, పిల్లి ఎక్కుతుంది కదా. గడియ కూడా ముంగిస మూతితో ఎత్తలేనిదై ఉండాలి. చీకటి పడకముందే కోళ్లు లోపలుండాలి.

ఇంకో సంగతి. అడవి పిల్లి తిండిలో ఎక్కువ భాగం ఎలుకలే. నీ వరిచేలో అది జీతం అడగకుండా చేస్తున్న పని అది. దాన్ని తరిమేస్తే ధాన్యం మీద పడే ఎలుకలకు నువ్వు లెక్క కట్టుకోవాలి.

కుక్కలకు టీకాలు వేయించావో లేదో రాయలేదు. రేబిస్‌తో పాటు డిస్టెంపర్ టీకా కూడా వేయించు. 2018లో గుజరాత్ గిర్ అడవిలో వరసగా సింహాలు చనిపోయినప్పుడు వాటిలో కొన్నింటికి డిస్టెంపర్ వైరస్ ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. కుక్కలకు వచ్చే జబ్బది. కంబాలకొండలో చిరుతలు కూడా ఉన్నాయి. మన కుక్క ఆ అడవిలోకి వెళితే దానికీ ముప్పే, అక్కడి జంతువులకూ ముప్పే.

ప్రశ్న: మా బీగిల్‌కు ఏడాది వయసు. ఆర్కే బీచ్‌కు తీసుకెళితే ముక్కు నేలకానించి నన్ను లాక్కుపోతుంది, పిలిచినా వినదు. భుజాలు నొప్పి పుడుతున్నాయి. ఈ వాసన పిచ్చి తగ్గించే ఉపాయం చెప్పండి. – ఒక గృహిణి, ఎంవీపీ కాలనీ

జవాబు: తగ్గదమ్మా. ఇంగ్లండులో కుందేళ్ల జాడ పట్టడానికి తరతరాలుగా పెంచిన జాతి అది. దాన్ని ఫ్లాట్‌లో పెట్టి వాసన చూడొద్దంటే ఎలా? ఆ పిచ్చికి ఒక పని అప్పజెప్పండి. అడవి జంతువు జోలికి పోకుండా, మొదటి జవాబులో చెప్పిన ఆట అంతా మీరూ ఆడించవచ్చు.

మెడకు బెల్టు బదులు ఛాతీకి హార్నెస్, ఐదారు మీటర్ల తాడు కొనండి. ఆ హార్నెస్ ఈ ఆటకే వాడాలి. అది వేస్తే పని, తీసేస్తే మామూలు నడక అని కుక్కకు నాలుగు రోజుల్లో అర్థమైపోతుంది. మీ లాగుడు బాధ అక్కడే సగం తగ్గుతుంది.

ఏ వాసన వాడాలి? మన ఊళ్లో అందరికీ ముందు తట్టేది ఎండు నెత్తళ్లు. పాత సాక్సులో నాలుగు నెత్తళ్లు వేసి ఈడిస్తే ఏ కుక్కయినా ఎగిరి గంతేస్తుంది. కానీ అమ్మా, ఎండుచేప వాసన మీద తయారైన బీగిల్‌ను బీచ్ రోడ్డు మీద పట్టుకోవడం మీ వల్ల కాదు, నా వల్లా కాదు. ఇంట్లో ఒక మనిషి తొడిగిన, ఉతకని సాక్సు వాడండి. మీ అబ్బాయి సాక్సు కుక్కకు చూపించి, అబ్బాయిని పొద కింద దాక్కోమనండి. దొరకగానే వాడి చేత్తోనే తాయిలం పెట్టించండి. మొదట ఇరవై అడుగుల దూరం చాలు. అది తప్పకుండా పట్టాకే మలుపు పెట్టండి, ఆ తర్వాతే ఆలస్యం పెంచండి. రెండూ ఒకేసారి పెంచితే తికమకపడుతుంది. మధ్యలో ఎవరైనా బిస్కెట్ పారేసి ఉంటే కుక్క అటు తిరుగుతుంది. అరవకండి, లాగకండి. తాడు అలాగే బిగపట్టి నిలబడండి. తనంతట తాను మళ్లీ జాడ మీదికి వచ్చిన క్షణం ‘శభాష్’ అని ముందుకు కదలండి. ఏది వదిలేయాలో అది నేర్చుకునేది ఇలాగే.

వేళ ముఖ్యం. తెల్లవారకముందు, మంచు పడ్డ గడ్డి మీద వాసన బాగా నిలుస్తుంది. ఎండ ఎక్కిన సిమెంటు మీద నిలవదు. పైగా నోరు తెరిచి వగర్చే కుక్క సరిగా వాసన చూడలేదు. మే నెలలో పొద్దున్న ఆరున్నర దాటితే నేనైతే ఆట ఆపేస్తాను. గాలి కూడా చూసుకోవాలి. మన ఊళ్లో పగలు గాలి సముద్రం మీంచి ఊళ్లోకి వస్తుంది, తెల్లవారుజామున ఊరి వైపు నుంచి సముద్రం మీదికి పోతుంది. జాడ వేసేటప్పుడు గాలి కుక్క వెనక నుంచి వీచేలా చూసుకోండి. ఎదురుగాలైతే దాక్కున్న మనిషి వాసన గాల్లోనే తగిలి, తల పైకెత్తి నేరుగా వెళ్లిపోతుంది. నేల మీద జాడ నేర్చుకోదు.

బీచ్ కంటే ముడసర్లోవ వైపు గడ్డి నేల నయం. వచ్చాక చెవుల లోపల, కాలి వేళ్ల మధ్య పిడుదులు చూడండి. మన తేమ వాతావరణంలో పిడుదుల జ్వరం కుక్కలను త్వరగా పడేస్తుంది. తిండి మానేసి, చిగుళ్లు పాలిపోతే ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

ప్రశ్న: సార్, నేను జువాలజీ చదువుతున్నాను. జాడ పట్టే కుక్కలు వేటకు తప్ప వన్యప్రాణుల మేలుకు పనికొచ్చిన సందర్భాలున్నాయా? – విద్యార్థిని, ఆంధ్ర విశ్వవిద్యాలయం

జవాబు: ఉన్నాయమ్మా. 1960లలో అమెరికాలోని ఇడాహోలో మారిస్ హార్నాకర్ అనే శాస్త్రవేత్త చలికాలంలో హౌండ్లతో కూగర్లను (ప్యూమా అని కూడా పిలిచే పెద్ద అడవి పిల్లులను) చెట్టెక్కించి, మత్తు సూది వేసి, గుర్తులు కట్టి వదిలేవాడు. అదే జంతువును మళ్లీ మళ్లీ పట్టుకోవడం వల్ల అవి ఎవరి హద్దులో అవి ఎలా బతుకుతాయో తెలిసింది. కూగర్లు జింకలన్నింటినీ తినేస్తాయన్న అపోహకు అక్కడ దెబ్బ పడింది. వేటగాడి కుక్కా, వేటగాడి పద్ధతీ అవే. చెట్టు కిందికి వచ్చిన మనిషి చేతిలో తుపాకీకి బదులు మత్తు సూది ఉంది, అంతే.

మన దేశంలో 2008 నుంచి, వన్యప్రాణుల వ్యాపారం మీద నిఘా పెట్టే ట్రాఫిక్ అనే సంస్థ అటవీ శాఖల కోసం జాగిలాలను తయారు చేయిస్తోంది. గ్వాలియర్ దగ్గర టేకన్‌పూర్‌లో బీఎస్‌ఎఫ్ వారి కేంద్రంలో వాటికి శిక్షణ ఇచ్చారు. పులి చర్మం, ఎముకలు, ఏనుగు దంతం లాంటివి ఎక్కడ దాచినా పట్టుకుంటాయి. వాటికి కూడా కష్టమైన పాఠం వదిలేయడమే. సంతలో మేకతోలు ఉంటుంది, మాంసం కొట్లు ఉంటాయి. వాటన్నింటినీ దాటుకుని వెళ్లి పులి చర్మం దగ్గరే కూర్చోవాలి. మీకు ఆసక్తి ఉంటే జంతువుల మలం వాసన పట్టే కుక్కల పరిశోధనలు చదవండి. జంతువును కదిలించకుండానే, దొరికిన మలంలో డీఎన్‌ఏ చూసి లెక్క కడతారు. మన తూర్పు కనుమల్లో చిన్న పిల్లిజాతుల మీద అలాంటి పని ఎవరైనా మొదలుపెడితే, కుక్కల సంగతి చూడటానికి నేను జీతం లేకుండా వస్తాను.

ప్రశ్న: బ్లడ్‌హౌండ్ కొందామనుకుంటున్నాను, లేదా మన జోనంగి. జాడ పట్టడానికి ఏది మంచిది? – ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: గాజువాక ఎండకు బ్లడ్‌హౌండ్ వద్దు. ఆ చర్మం ముడతల్లో, వేలాడే చెవుల్లో చెమ్మ నిలిచి పుండ్లవుతాయి. ముక్కు మాత్రం దానికి సాటి లేదు. జోనంగి మన కొల్లేరు చుట్టుపక్కల కుక్క. పొట్టి వెంట్రుకలు, ఎండకు తట్టుకుంటుంది. బాతులు మేపేవాళ్లు తోడుగా ఉంచుకునేది దాన్నే. జాడ పట్టడంలో బ్లడ్‌హౌండ్‌తో పోటీ పడలేదు గానీ, పైన బీగిల్‌కు చెప్పిన సాక్సు ఆట హాయిగా నేర్చుకుంటుంది. కూనను కొనేముందు తల్లిని చూడండి. తల్లిని చూపించనన్నవాడి దగ్గర కొనొద్దు.